వాండా టెసెల్లాటా: ఒక బదనిక, ఒక ప్రజాతి హద్దులు

తూర్పు కనుమల దిగువ వాలుల్లోని ఆకురాల్చు అడవుల్లోనూ, ఊరి పొలిమేరల్లో మిగిలిన ముదురు మామిడి, ఇప్ప చెట్ల కొమ్మల మీదా లావుపాటి తెల్లని వేళ్లతో పట్టుకొని పెరిగే బదనికల్లో వాండా టెసెల్లాటా అనే ఆర్కిడ్ ఒకటి. భారతదేశంలో చాలా ప్రాంతాలతో పాటు శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్‌లలోనూ కనిపించే ఈ మొక్క ఆర్కిడ్ ప్రియులు ఎగబడి కొనే రకం కాదు. నీలి వాండాకు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పెద్ద పూల వాండాకు ఉన్న పేరు దీనికి లేదు. వర్గీకరణ శాస్త్రంలో మాత్రం వాటన్నిటికంటే దీని స్థానం గట్టిది. 1795లో తొలి శాస్త్రీయ నామం పొందింది మొదలు ఇది నాలుగు వేర్వేరు ప్రజాతుల్లో చోటు మార్చుకొని, చివరికి చేరిన వాండా ప్రజాతికి తానే నామాధారమైంది. కాబట్టి వాండా అన్న పేరు ఏ మొక్కలకు చెందాలి, ఏ మొక్కలకు చెందకూడదు అన్న వివాదం ఎప్పుడు తలెత్తినా లెక్క ఈ మొక్క దగ్గరనుంచే మొదలుపెట్టక తప్పదు.

ముందు మొక్క స్వరూపం. దీని కాండం ఒకే కొనతో ఏటేటా పైకి సాగుతుంది. పక్కలకు కొత్త కాండాలు వేస్తూ పాకే ఆర్కిడ్ల నుంచి వేరుచేసే ఈ పెరుగుదలను ఏకాక్ష వృద్ధి అంటారు. ఆకులు రెండు వరుసల్లో అమరి, మధ్య ఈనె వెంట మడతపడి దోనెలా ఉంటాయి. కొన కొరికి వదిలినట్టు తెగి, చిన్న పళ్లతో కనిపిస్తుంది. ఆకు గ్రీవంలో నుంచి నిటారుగా లేచే పూకాడ మీద ఆరు నుంచి పన్నెండు దాకా పూలు పూస్తాయి. ఒక పువ్వును దగ్గరగా పెట్టుకొని చూస్తే రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు ఐదూ ఇంచుమించు ఒకే తీరున ఉండి, వెలుపలి వైపు తెల్లగానూ, లోపలి వైపు పసుపు, ఆకుపచ్చ కలిసిన వన్నె మీద గోధుమ రంగు గళ్లతోనూ, అలలు తేలిన అంచులతోనూ కనిపిస్తాయి. లాటిన్‌లో టెసెల్లాటా అంటే గళ్లు పరిచినది. పేరు పెట్టిన వ్యక్తి చూసింది ఈ గళ్లనే. మూడో ఆకర్షణ పత్రం తక్కిన వాటికి భిన్నంగా మారి పెదవి అయింది; ఇది ఊదా రంగులోనో నీలిఛాయలోనో ఉండి, అడుగున పొట్టి గొట్టంగా ముగుస్తుంది. కేసరమూ కీలమూ కలిసిపోయి ఏర్పడిన స్తంభం కొనలో, మూత కింద, మైనం ముద్దల్లాంటి రెండు పసుపు పుప్పొడి ఉండలు ఉంటాయి. పొలీనియా అనే ఈ ఉండలు ఒక సన్నని పట్టీకి, ఆ పట్టీ జిగురు బిళ్లకు అంటుకొని ఉంటాయి కనుక, పువ్వులో తలదూర్చి వెనక్కి వచ్చే కీటకం ఒంటికి మొత్తం సరంజామా ఒక్కసారే అతుక్కుపోతుంది. ఈ చిన్న భాగాల నిర్మాణమే నూట యాభై ఏళ్లపాటు ఆర్కిడ్ల వర్గీకరణను నడిపించింది. పక్కదారి పట్టించిందీ అదే.

బదనిక అన్న మాట తెలుగులో చెట్టు మీద పుట్టి పెరిగే మొక్కలన్నిటికీ చెల్లుతుంది. మామిడి కొమ్మల్లోకి వేళ్లు దింపి చెట్టు రసాన్ని పీల్చే అసలు పరాన్నజీవినీ, కేవలం కొమ్మను ఆసరాగా చేసుకొని బతికే ఆర్కిడ్‌నూ ఒకే పేరుతో పిలవడం వల్ల రెండోదానికి లేనిపోని అపవాదు వచ్చింది. తోటల యజమానులు చెట్టుకు మేలు చేస్తున్నామనుకొని దాన్ని పీకి పారేయడం కద్దు. వాండా చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. దాని వేళ్ల చుట్టూ వెలామెన్ అనే మృతకణాల పొర దూదిలా ఉండి, వాన కురిసిన కాసేపటికే నీటినీ, బెరడు మీదుగా జారే నీటిలో కరిగిన లవణాలనూ పీల్చి లోపలి కణజాలానికి అందిస్తుంది. తడిసినప్పుడు ఈ వేరు ఆకుపచ్చగా మారుతుంది, ఎందుకంటే పొర పారదర్శకమై లోపలి హరిత కణాలు బయటపడతాయి. ఇలా ఆసరా మాత్రమే తీసుకొనే మొక్కలను వృక్షోపజీవులంటారు; ఆర్కిడ్ కుటుంబంలోని ఇరవై ఎనిమిది వేల జాతుల్లో సగానికి పైగా ఈ తీరువే. జీవన విధానం ఒకటైనంత మాత్రాన బంధుత్వం ఒకటి కాదన్నది నేడు పాఠ్యపుస్తకాల్లో కనిపించే మాట. తొలినాటి వర్గీకరణ సరిగ్గా ఈ చోటే తప్పింది.

ఈ మొక్కను శాస్త్రానికి పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరి, 1781 నుంచి 1793 దాకా నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, చెరకు, నీలిమందు వంటి వాణిజ్య పంటలపై ప్రయోగాలు చేయడంతో పాటు, సర్కారు జిల్లాల మొక్కలను భారతీయ చిత్రకారుల చేత నిజ ప్రమాణంలో బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి లండన్‌కు పంపాడు. జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడు వందల పటాలతో అచ్చయిన కోరమండల్ తీర వృక్షాల గ్రంథం ఈ కృషికి ఫలం. చిత్రకారుల పేర్లు మాత్రం ఆ గ్రంథం ద్వారా లోకానికి తెలియలేదు. తొలి సంపుటంలోని 42వ పటం మన మొక్కది. రాక్స్‌బర్గ్ దానికి పెట్టిన పేరు ఎపిడెండ్రమ్ టెసెల్లాటమ్.

ఎపిడెండ్రమ్ అంటే గ్రీకులో చెట్టు మీదిది అని అర్థం. 1753లో లిన్నేయస్ తన వృక్షజాతుల గ్రంథంలో, కొమ్మల మీద పెరిగే ఉష్ణమండల ఆర్కిడ్లను తూర్పువైనా పడమటివైనా చాలావరకు ఈ ఒక్క ప్రజాతిలోనే వేశాడు. వాటిలో అనేకం అతడు ప్రాణంతో చూసినవి కావు. వాన్ రీడే డచ్చి గవర్నరుగా మలబారులో తయారు చేయించిన హోర్టస్ మలబారికస్ పన్నెండో సంపుటంలో (1693) మరవర అన్న మలయాళ పదంతో ముగిసే పేర్లున్న బొమ్మలు అతనికి ఆధారం. రాక్స్‌బర్గ్ పేరు పెట్టేనాటికి కూడా అదే పెద్ద సంచి వాడుకలో ఉంది కనుక సామర్లకోట పరిసరాల మొక్క అమెరికా మొక్కల సరసన చేరింది. ఈనాడు ఎపిడెండ్రమ్ ప్రజాతి పూర్తిగా అమెరికా ఖండాలకే పరిమితం. ఆసియా మొక్క ఒక్కటీ అందులో మిగల్లేదు. 1799లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఓలోఫ్ స్వార్ట్జ్ ఆ సంచిని విప్పి పాత ప్రపంచపు మొక్కలు కొన్నిటిని సింబిడియమ్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చినప్పుడు మన మొక్కా అక్కడికి వెళ్లింది. తరువాత కొందరు దాన్ని ఎయిరిడీస్‌లోనూ చేర్చారు. ఈ ప్రయాణాల్లో మొక్క కొత్తగా చూపించిన లక్షణం ఏదీ లేదు. చూసేవారు దేనికి విలువ కట్టారో అది మాత్రమే మారుతూ వచ్చింది.

వాండా అన్న పేరు వేరే దారిన వచ్చింది. కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న విలియం జోన్స్ సంస్కృత గ్రంథాల్లోని మొక్కల పేర్లను గుర్తించే పనిలో భాగంగా, చెట్ల మీది మొక్కలకు వాడే వందా అనే మాటతో ఒక ఆర్కిడ్‌ను వర్ణించాడు. అతని మరణం తరువాత 1795లో ఆ వ్యాసం ఏషియాటిక్ రీసెర్చెస్‌లో వచ్చింది. ఆ పేరును ప్రజాతి నామంగా నిలబెట్టినవాడు రాబర్ట్ బ్రౌన్. 1820లో బొటానికల్ రిజిస్టర్‌లో 506వ పటంతో వాండా ప్రజాతిని స్థాపిస్తూ, అందులోని మొక్కకు రాక్స్‌బర్గ్ గౌరవార్థం వాండా రాక్స్‌బర్గీ అని పేరు పెట్టాడు. ఆ మొక్క, రాక్స్‌బర్గ్ చిత్రించిన ఎపిడెండ్రమ్ టెసెల్లాటమ్ ఒకటే. వర్గీకరణ నియమాల్లో ప్రతి ప్రజాతి పేరూ ఒక జాతికి కట్టుబడి ఉంటుంది; దాన్ని ఆధార జాతి అంటారు. మిగిలిన జాతులు ఎటు పోయినా ఆధార జాతి ఉన్నచోటే పేరు ఉంటుంది. వాండాకు ఆధార జాతి ఇదే.

అయితే జాతి పేరు విషయంలో మరో చిక్కు మిగిలింది. 1830లో లౌడన్ తోట మొక్కల జాబితాలో జార్జ్ డాన్ వాండా టెసెల్లాటా అన్న కూర్పును ప్రచురించాడు. నేటి నియమం ప్రకారం జాతిని ఒక ప్రజాతి నుంచి మరో ప్రజాతికి మార్చినా మొదట పెట్టిన విశేషణమే వెంట రావాలి. కాబట్టి 1795 నాటి టెసెల్లాటాకే ప్రాధాన్యం, 1820 నాటి రాక్స్‌బర్గీ పర్యాయనామం మాత్రమే. కాని పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో క్యూ ఉద్యానవనంలో పని చేసినవారి ఆచారం వేరు. సరైన ప్రజాతిలో విశేషణం ఎప్పుడు తొలిసారి చేరిందో ఆ తేదీనే వారు లెక్కలోకి తీసుకునేవారు. ఆ లెక్కన వాండా కింద ముందు వచ్చింది 1820 నాటి రాక్స్‌బర్గీ, పదేళ్లు ఆలస్యంగా వచ్చింది టెసెల్లాటా. జోసెఫ్ డాల్టన్ హుకర్ బ్రిటిష్ ఇండియా వృక్షజాలంలో (ఆర్కిడ్ల భాగం ఆరో సంపుటంలో 1890లో ముగిసింది) వాండా రాక్స్‌బర్గీ అనే రాయడానికి ఈ ఆచారమే కారణంగా కనిపిస్తుంది. అంతర్జాతీయ నియమాలు 1905లో వియన్నాలో కుదిరి ఈ పద్ధతిని పక్కకు నెట్టినా, ఆయుర్వేద నిఘంటువులూ ఔషధ పరిశోధనలూ నేటికీ రాక్స్‌బర్గీ అనే రాస్తున్నాయి. ఒక్క మొక్కపై వచ్చిన పరిశోధనా సాహిత్యం రెండు పేర్ల కింద చీలిపోవడం దీని ఫలితం. రెండిటినీ కలిపి చదవని సమీక్ష సగమే.

ప్రజాతి హద్దుల కథ ఇంకా పెద్దది. 1830లలో జాన్ లిండ్లీ ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్ని పుప్పొడి ఉండల గట్టిదనం, సంఖ్య, వాటిని పట్టి ఉంచే నిర్మాణాలను బట్టి తెగలుగా విభజించాడు. ఆ విభజనలో వాండీ తెగ ఏర్పడి, ప్రజాతి పేరే తెగకు పేరైంది. ఆసియాలో దొరికిన కొత్త ఏకాక్ష ఆర్కిడ్లలో పెద్ద పూలున్నవాటిని వాండా కింద వేయడం తరువాత అలవాటుగా మారింది. ఆకులు దోనెలా ఉన్నా, పెన్సిలులా గుండ్రంగా ఉన్నా లెక్క చేయలేదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ ష్లెక్టర్ దీనికి కత్తెర వేశాడు. 1913లో అస్కోసెంట్రమ్, 1914లో ఫిలిప్పీన్స్ వాండా కోసం యూయాంతి, 1915లో గుండ్రటి ఆకులవాటి కోసం పాపిలియోనాంతి అనే ప్రజాతులను స్థాపించాడు. తోట పెంపకందారులు వీటిని చాలాకాలం పట్టించుకోలేదు. 1974లో లెస్లీ గారే ఏకాక్ష ఆర్కిడ్లపై రాసిన సమీక్షలో పాపిలియోనాంతిని మళ్లీ నిలబెట్టాకే అది చలామణీలోకి వచ్చింది. దీని దెబ్బ తగిలింది సింగపూర్ జాతీయ పుష్పానికి. 1893లో రిడ్లీ వర్ణించి, 1981లో ఆ దేశం జాతీయ పుష్పంగా ప్రకటించిన వాండా మిస్ జోకిమ్ తల్లిదండ్రులిద్దరూ గుండ్రటి ఆకుల మొక్కలే కనుక, అది శాస్త్రరీత్యా పాపిలియోనాంతి మిస్ జోకిమ్ అయింది. జనం నోట మాత్రం వాండాగానే ఉండిపోయింది, ఉండిపోవడంలో తప్పూ లేదు.

పుప్పొడి ఉండల మీద, పెదవి ఆకృతి మీద ఆధారపడిన ఈ విభజనలకు అసలు పరీక్ష డీఎన్ఏ విశ్లేషణతో వచ్చింది. 2005 ప్రాంతంలో వాండా చేరిన ఎయిరిడినే ఉపతెగపై జరిగిన అధ్యయనాలు, ఉండల సంఖ్య, వాటి మీది గాటు, రంధ్రం వంటి లక్షణాలు వంశవృక్షంలో పలుమార్లు విడివిడిగా పుట్టాయని చూపాయి. అంటే ఒకే తీరు ఉండలున్నంత మాత్రాన ఒకే కొమ్మకు చెందినట్టు కాదు. వాండాపై ప్రత్యేకంగా లారెన్ గార్డినర్, అలెగ్జాండర్ కోసియాన్, మార్టిన్ మోట్స్ తదితరులు క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ ఆధారంగా చేసిన అధ్యయనం 2013లో లిన్నేయన్ సొసైటీ వృక్షశాస్త్ర పత్రికలో వెలువడింది. దాని ప్రకారం చిన్న ఎర్ర, నారింజ పూల అస్కోసెంట్రమ్, పొడవాటి గొట్టం గల తెల్లని పూల జపాన్ నియోఫినేటియా, వియత్నాం క్రిస్టెన్సోనియా, హిమాలయ ట్రుడేలియా మొదలైనవి వాండా వంశవృక్షం లోపలే తల దూర్చి ఉన్నాయి. వాటిని వేరే ప్రజాతులుగా ఉంచితే మిగిలిన వాండా ఏకమూలం కాదు; అంటే ఒక పూర్వజుడి సంతతి అంతటినీ కలుపుకున్న గుంపు కాదు. కాబట్టి వాటన్నిటినీ వాండాలో విలీనం చేశారు. కావలసిన కొత్త పేర్ల కూర్పులు 2012లోనే ఫైటోటాక్సా పత్రికలో వచ్చాయి. పాపిలియోనాంతి, హోల్కోగ్లాసమ్‌లు వెలుపలే నిలిచాయి. దక్షిణ భారతం, శ్రీలంకల్లో పెరిగే పసుపు పూల వాండా స్పాతులాటా కూడా బయటే ఉండి, 1992లో దానికోసం ఏర్పరచిన టాప్రోబేనియా ప్రజాతి సమర్థన పొందింది. రీడే బొమ్మ ఆధారంగా లిన్నేయస్ 1753లో ఎపిడెండ్రమ్‌లో వేసిన పాత మొక్క అది.

నేటి స్థితిని ఒక్క వరసలో చెప్పాలంటే, వాండా టెసెల్లాటా ఆర్కిడేసీ కుటుంబంలో ఎపిడెండ్రాయిడే ఉపకుటుంబానికి, వాండీ తెగకు, ఎయిరిడినే ఉపతెగకు చెందిన జాతి. 2015లో మార్క్ ఛేజ్ బృందం ప్రకటించిన కుటుంబ వర్గీకరణ ఐదు ఉపకుటుంబాలను, 736 ప్రజాతులను గుర్తించింది. విస్తరించిన వాండాను అది అంగీకరించింది.

ఈ విలీనాన్ని డీఎన్ఏ తేల్చిన నిర్ణయంగా చెప్పడం పరిపాటి అయింది. ఆ మాట పూర్తిగా సరికాదు. వంశవృక్షం చెప్పగలిగింది ఏ గుంపులు చెల్లవో మాత్రమే. చెల్లే పరిష్కారాలు ఒకటికంటే ఎక్కువ ఉంటాయి. నియోఫినేటియా, అస్కోసెంట్రమ్‌లను ప్రజాతులుగానే నిలిపి, మిగిలిన వాండాను కొమ్మల వారీగా ముక్కలు చేసినా ఏకమూల సూత్రం నెరవేరేది. అలా చేస్తే వాండా అన్న పేరు ఎవరికి దక్కేది అన్న ప్రశ్న వేసుకుంటే ఆధార జాతి బలం తెలుస్తుంది. థాయిలాండ్ నర్సరీల్లో లక్షలుగా పెరిగే సంకరాలకు మూలమైన నీలి వాండా గానీ, ఫిలిప్పీన్స్ వాండా గానీ టెసెల్లాటా ఉన్న కొమ్మకు వెలుపల పడితే ఆ పేరును పోగొట్టుకునేవి. వ్యాపార ప్రపంచం ఎరిగిన వాండాలు వాండాలు కాకుండా పోయి, సర్కారు తీరపు గళ్ల పూల మొక్క చుట్టూ చిన్న ప్రజాతి మిగిలేది. విశాలమైన వాండాను ఎంచుకోవడంలో శాస్త్రంతో పాటు ఈ సౌకర్యమూ ఉంది, ఉండటం సబబే కూడా. పూల రూపం ఆధారంగా విడదీసిన ప్రజాతుల్లో తేడా చాలావరకు పరాగ సంపర్కానికి వచ్చే జీవిని బట్టి ఏర్పడింది: రాత్రి తిరిగే చిమ్మెటలకు తెల్లని పొడవు గొట్టాల పూలు, పగటి సందర్శకులకు గాఢ రంగుల పూలు. ఇలాంటి మార్పులు దగ్గరి చుట్టాల్లో త్వరగా వస్తాయి కాబట్టి ప్రజాతి స్థాయి విభజనకు అవి బలహీనమైన పునాది. అస్కోసెంట్రమ్, వాండాలు తేలిగ్గా సంకరమై సారవంతమైన సంతానాన్ని ఇస్తాయని తోటమాలులకు దశాబ్దాలుగా తెలుసు. వంశవృక్షం ఆ అనుభవాన్నే బలపరిచింది.

అయితే ఆధారానికి ఒక హద్దుంది. క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ సాధారణంగా తల్లి వైపు నుంచే సంక్రమిస్తుంది. సులువుగా సంకరమయ్యే గుంపులో తల్లి వంశాన్ని మాత్రమే చూపే సాక్ష్యం సగం చరిత్రనే చెబుతుంది. ప్రజాతి వెలుపలి హద్దులు నిలకడగా ఉన్నట్టే. లోపలి కొమ్మల వరస మీద అంత భరోసా పెట్టుకోరాదు.

పేర్ల మార్పు కాగితాలకే పరిమితం కాలేదు. అస్కోసెంట్రమ్‌ను వాండాతో కలిపి పుట్టించిన వేలాది సంకరాలు అస్కోసెండా అనే కృత్రిమ ప్రజాతి కింద నమోదై ఉండేవి. రెండు ప్రజాతులూ ఒకటయ్యాక లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ రిజిస్టరులో అవన్నీ వాండాలయ్యాయి. చట్టం సంగతి ఇంకా విచిత్రం. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించిన మొక్కల పట్టికలో నీలి వాండాతో పాటు ఎర్ర వాండా కూడా ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో పెరిగే ఆ ఎర్ర వాండా అసలు వాండానే కాదు, రెనాంతెరా ప్రజాతికి చెందినది. అసలు వాండా ప్రజాతికి ఆధారమైన టెసెల్లాటా పేరు ఆ పట్టికలో లేదు. ఆర్కిడ్ కుటుంబంలో దాదాపు అన్నిటికీ వర్తించే సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) రెండో అనుబంధం అంతర్జాతీయ వ్యాపారంలో దానికి కొంత అడ్డుకట్ట.

దేశంలోపలి వ్యాపారంలో దీనికి ఉన్న ముప్పు రాస్నా అన్న పేరుతో వస్తుంది. కీళ్ల నొప్పులకు వాడే రాస్నా ఏ మొక్క అన్న విషయంలో ప్రాంతానికో సమాధానం ఉంది. బెంగాల్ వైపు వాండా వేళ్లను రాస్నాగా అమ్మితే, దక్షిణాదిలో అల్లం కుటుంబానికి చెందిన దుంపరాష్ట్రాన్ని వాడతారు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా పొద్దుతిరుగుడు కుటుంబంలోని ప్లూకియా లాన్సియోలాటాను రాస్నాగా నిర్ణయించింది. మూడూ మూడు వేర్వేరు కుటుంబాల మొక్కలు. వాటి రసాయనాలూ వేరే. ఒకదానిపై చేసిన ప్రయోగ ఫలితాన్ని రాస్నా గుణంగా రాయడం ఎంత ప్రమాదమో వర్గీకరణ తెలిసినవారికి వేరే చెప్పనక్కర లేదు. వేళ్ల కోసం తీస్తే మొక్క బతకదు. ధూళి వంటి ఆర్కిడ్ విత్తులో మొలకకు కావలసిన ఆహారం నిల్వ ఉండదు, తగిన శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది; అందుచేత ఒకసారి ఖాళీ అయిన చెట్టు మళ్లీ నిండటానికి చాలా ఏళ్లు పడుతుంది.

ప్రజాతి హద్దులపై ఇంత పని జరిగినా, జాతి హద్దులపై చేయవలసింది మిగిలే ఉంది. టెసెల్లాటా పూలలో ఆకుపచ్చ, పసుపు, గోధుమ ఛాయలు మొక్క మొక్కకూ మారుతాయి. గళ్లు స్పష్టంగా ఉన్నవీ, దాదాపు లేనివీ, పెదవి నీలంగా, ఊదాగా, తెల్లగా ఉన్నవీ కనిపిస్తాయి. వీటిలో కొన్నిటికి రకాల పేర్లు పెట్టారు. రంగు మీద మాత్రమే నిలిచిన ఆ పేర్లకు విలువ తక్కువ. రాక్స్‌బర్గ్ స్వయంగా తన భారత వృక్షజాలంలో సింబిడియమ్ టెసెల్లాయిడిస్ అని రాసిన పేరును కూడా నేడు పర్యాయనామంగానే లెక్కిస్తున్నారు. హిమాలయ పాదాల నుంచి సింహళం దాకా, మరోవైపు మయన్మార్ దాకా విస్తరించిన ఒకే జాతిలో పరిసరాలను బట్టి వేరుపడుతున్న జనాభాలు ఉండటం అసాధ్యం కాదు. వాటిని జన్యుపరంగా పోల్చి విడదీసే రోజు వస్తే, టెసెల్లాటా అన్న పేరు ఉత్తరాది మొక్కలకు గానీ మయన్మార్ మొక్కలకు గానీ పోదు. రాక్స్‌బర్గ్ వర్ణన కోరమండల్ తీరపు మొక్కది కనుక, ఆ తీరపు మొక్కలతో పోల్చి చూసిన తరువాతే మిగిలినవాటికి కొత్త పేర్లు వెతకవలసి ఉంటుంది.